వేసవిలో సస్కాచెవాన్ చిన్న ఊళ్ల మీదుగా ఆర్వీ ప్రయాణం

కెనడా ప్రెయిరీ మైదానాన్ని ఆర్వీలో (పడక, వంటగది ఉన్న ప్రయాణ బండిలో) దాటేవారిలో ఎక్కువమంది ట్రాన్స్-కెనడా హైవేనే పట్టుకుంటారు. మానిటోబా సరిహద్దు నుంచి ఆల్బర్టా సరిహద్దు దాకా సస్కాచెవాన్ ప్రావిన్సులో ఆ రోడ్డు పొడవు సుమారు 650 కిలోమీటర్లు. గంటకు 110 కిలోమీటర్ల వేగాన్ని అనుమతించే రోడ్డు కావడంతో ఒక్క పగటిలో ప్రావిన్సు మొత్తం దాటిపోవచ్చు. అలా దాటినవారికి ఆ నేలంతా ఒకేలా కనిపిస్తుంది. అదే నేలను దక్షిణాన, అమెరికా సరిహద్దుకు చేరువగా సాగే 13వ నంబరు హైవే మీద ఊరూరా ఆగుతూ దాటినవారు మాత్రం లోయలూ, గుట్టలూ, గడ్డి మైదానాలూ, వందేళ్ల నాటి చర్చీలూ చూసి వస్తారు. 1874లో నార్త్ వెస్ట్ మౌంటెడ్ పోలీసు దళం ఎర్రకోట్లతో పడమటికి నడిచిన మార్గానికి దగ్గరగా సాగుతుంది కనుక దీనికి రెడ్ కోట్ ట్రెయిల్ అనే పేరు వచ్చింది. ఈ వ్యాసం ఆ దారిని, దాని ఇరుపక్కల ఉన్న చిన్న ఊళ్లను దృష్టిలో పెట్టుకొని రాసినది.

ఈ ప్రయాణం సుఖంగా సాగడానికి అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. పెద్ద నగరాల్లో అన్నీ మన వేళకు అందుబాటులో ఉంటాయి. ఇక్కడ మన వేళలను ఊరి వేళలకు సర్దుకోవాలి. కొట్టు ఎప్పుడు మూస్తారో, గాలి ఎప్పుడు లేస్తుందో, కోత యంత్రాలు ఎప్పుడు రోడ్డెక్కుతాయో తెలుసుకొని దాని ప్రకారం రోజును అమర్చుకున్నవారికి ఇబ్బందులు దాదాపు ఉండవు. రోజుకు నూటయాభై కిలోమీటర్లకు మించి పెట్టుకోవద్దని నా గట్టి సలహా.

ఊళ్లు ఎందుకు ఇంత దగ్గరగా ఉంటాయి

మ్యాపు చూస్తే రైలు మార్గం వెంబడి పది పదిహేను కిలోమీటర్లకు ఒక ఊరి పేరు కనిపిస్తుంది. రైతు గుర్రపు బండి మీద ధాన్యం తెచ్చి, ఎలివేటరులో (ధాన్యం నిల్వ చేసే ఎత్తైన గోదాములో) దింపి, చీకటి పడేలోగా ఇంటికి చేరగలిగేంత దూరంలో రైల్వే కంపెనీలు స్టేషన్లు ఏర్పాటు చేయడమే ఇందుకు కారణం. 1930ల నాటికి మూడు ప్రెయిరీ ప్రావిన్సుల్లో కలిపి అయిదువేలకు పైగా కలప ఎలివేటర్లు ఉండేవి. లారీలు, పెద్ద కాంక్రీటు గోదాములు వచ్చాక వాటిలో అత్యధిక భాగం కూల్చివేశారు. కాబట్టి మ్యాపులో పేరు ఉన్నంత మాత్రాన అక్కడ పెట్రోలు, పాలు, రొట్టె దొరుకుతాయని అనుకోకూడదు. కొన్ని చోట్ల ఇప్పుడు మిగిలినవి నాలుగైదు ఇళ్లు, ఒక హాలు మాత్రమే. వేబర్న్, అసినిబోయా, షానవన్ వంటి కాస్త పెద్ద ఊళ్లలో సరుకులు నింపుకొని, మధ్యలోని ఊళ్లలో దొరికినది అదనపు లాభంగా భావించడం మంచిది.

ఏ నెలలో వెళ్లాలి, ఎలాంటి బండి తీసుకోవాలి

జూన్‌లో మైదానం పచ్చగా ఉంటుంది, కాని దోమలు, పిడుదులు ఎక్కువ. జూలైలో ఎండ ముదిరినా పొలాల అందమంతా అప్పుడే: అవిసె నీలంగా, కనోలా అనే నూనెగింజల పంట పసుపుగా పూస్తాయి. వాటి పక్కనే మోకాలెత్తున నేలంతా పరచుకొని ఉండేవి మసూరు పప్పు చేలు. ప్రపంచ మార్కెట్లకు వెళ్లే మసూరు పప్పులో పెద్ద వాటా ఈ ప్రావిన్సు పొలాలదే. మన వంటింట్లోని పప్పు ఎలాంటి నేలలో పండుతుందో చూడాలనుకునేవారికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఆగస్టు రెండో సగం నుంచి కోతలు మొదలవుతాయి. అప్పుడు రోడ్డు వెడల్పంతా ఆక్రమించే కంబైన్లనే కోత యంత్రాలు మన ముందు నెమ్మదిగా సాగుతుంటాయి. వాటిని తొందరపడి దాటకుండా, డ్రైవరు పక్కకు తీసి దారి ఇచ్చేదాకా వెనుకనే సాగాలి. జూలై 1 కెనడా దినోత్సవం, ఆగస్టు మొదటి సోమవారం వచ్చే సెలవు, ఈ రెండు వారాంతాల్లో చుట్టుపక్కల ఊళ్లవారే క్యాంప్‌గ్రౌండ్లు నింపేస్తారు కనుక ఆ రోజులకు ముందే చోటు ఖాయం చేసుకోవాలి.

బండి విషయంలో నా అభిప్రాయం స్పష్టం: ఇరవై నుంచి ఇరవై అయిదు అడుగుల పొడవు మించనిది తీసుకోండి. పొడవాటి బండికి పక్కగాలి ఎక్కువ తగులుతుంది, ఊరి క్యాంప్‌గ్రౌండ్లలోని పాత స్థలాల్లో అది ఇమడదు. అద్దెకు తీసుకుంటున్నట్లయితే ఒప్పందంలో కంకర రోడ్ల గురించి ఏం రాశారో తప్పక చదవాలి. అనేక అద్దె ఒప్పందాలు కంకర రోడ్లను నిషేధిస్తాయి, లేదా అక్కడ జరిగే నష్టానికి బీమా వర్తించదని చెబుతాయి. ఈ ప్రాంతంలో చూడదగిన చోట్లు కొన్ని కంకర రోడ్డు చివరనే ఉన్నాయి కనుక ఈ సంగతి ముందే మాట్లాడుకోవాలి. ట్రెయిలరు లాగేవారు దాని బరువుకు తమ లైసెన్సు సరిపోతుందో లేదో కూడా చూసుకోవాలి.

రోజు ఎలా అమర్చుకోవాలి

సస్కాచెవాన్‌లో దాదాపు అంతటా వేసవిలో గడియారం ముందుకు జరపరు. అందువల్ల, గడియారం ముందుకు జరిపే మానిటోబా నుంచి వచ్చేవారు వేసవిలో గంట వెనక్కి తిప్పుకోవాలి. ఆల్బర్టా నుంచి వచ్చేవారికి తేడా ఉండదు. జూన్ చివర సూర్యుడు రాత్రి తొమ్మిది దాటాకే అస్తమిస్తాడు. ఈ పొడవాటి వెలుగే కొత్తవారిని తప్పుదారి పట్టిస్తుంది. ఆకాశం చూస్తే ఇంకా బోలెడంత పొద్దున్నట్టు ఉంటుంది, ఊళ్లోకి వెళితే సరుకుల కొట్టు, మ్యూజియం, మునిసిపల్ ఆఫీసు అన్నీ మూసేసి ఉంటాయి. ఆదివారం అసలే తెరవని కొట్లు ఎన్నో. కెఫేలు కొన్ని సోమవారం కూడా మూసి ఉంటాయి.

ఉదయం ఏడు ఎనిమిది గంటల మధ్య బయలుదేరి, మధ్యాహ్నం రెండు గంటలలోపు ఆ రాత్రి ఉండబోయే ఊరు చేరితే మూడు లాభాలున్నాయి. పొద్దున గాలి సాధారణంగా తక్కువగా ఉంటుంది కనుక బండి నిలకడగా నడుస్తుంది, ఇంధనమూ ఆదా అవుతుంది. నీడ ఉన్న స్థలం దొరుకుతుంది. అన్నిటికీ మించి, ఊరు మెలకువగా ఉన్నప్పుడు మీరు అక్కడ ఉంటారు. సామాను దించుకోగానే కాలినడకన మెయిన్ స్ట్రీటుకు వెళ్లండి. కో-ఆప్ కొట్టు, క్రెడిట్ యూనియన్ (సహకార బ్యాంకు), పోస్టాఫీసు, మంచు మీద ఆడే కర్లింగ్ ఆటకు రింకు, తరచుగా ఒక చైనీస్ కుటుంబం తరాలుగా నడిపే కెఫే, ఇవన్నీ ఆ ఒక్క వీధిలోనే ఉంటాయి. చిన్న మ్యూజియాలు చాలావరకు స్వచ్ఛంద కార్యకర్తల చేతుల మీదుగా నడుస్తాయి. తలుపుకు తాళం ఉన్నా దాని మీద ఫోన్ నంబరు అంటించి ఉంటే మొహమాటపడకుండా ఫోన్ చేయండి. తాళంచెవి తెచ్చి తెరిచే మనిషే ఆ ఊరి చరిత్ర బాగా తెలిసిన మనిషి కావడం మామూలే.

ఇంధనం ట్యాంకు సగానికి రాగానే నింపుకోవాలి. కొన్ని చిన్న ఊళ్లలో ఉండేది కార్డ్‌లాక్ బంకు మాత్రమే. అక్కడ మనుషులుండరు, కొన్ని బంకులు సభ్యత్వ కార్డులకే పనిచేస్తాయి. ఇంధనం నింపే ముందు ప్రొపేన్‌తో నడిచే ఫ్రిజ్‌నూ, వాటరు హీటరునూ ఆపివేయడం మరవకూడదు.

క్యాంప్‌గ్రౌండులో

ఈ ఊళ్లలో చాలావాటికి సొంత క్యాంప్‌గ్రౌండు ఉంటుంది. వాటితోపాటు ప్రాంతీయ పార్కులు కూడా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఒక చిన్న చెరువో, గోల్ఫ్ మైదానమో జతగా ఉంటుంది. ఊరి క్యాంప్‌గ్రౌండులో కాపలాదారు ఉండకపోవచ్చు. గేటు దగ్గర ఒక చెక్క పెట్టె, అందులో కవర్లు, దారంతో కట్టిన పెన్ను ఉంటాయి. కవరు మీద పేరు, బండి నంబరు ప్లేటు, స్థలం నంబరు, ఎన్ని రాత్రులో రాసి, రుసుము అందులో పెట్టి, చివరి చీటీ చింపి మీ స్థలం దగ్గరి స్తంభానికి తగిలించి, కవరును ఇనుప గొట్టంలో వేయాలి. ఇక్కడ చిల్లర ఇచ్చేవారు ఉండరు కనుక అయిదు, పది, ఇరవై డాలర్ల నోట్లు దగ్గర ఉంచుకోవాలి. ఎవరూ చూడడం లేదని తక్కువ పెట్టడం అన్యాయం. ఆ డబ్బుతోనే ఊరు ఆ గడ్డి కోయిస్తుంది, ఆ స్నానాల గది శుభ్రం చేయిస్తుంది.

స్థలం ఎంచుకునేటప్పుడు కరగానా పొదల వరసో, మానిటోబా మేపుల్ చెట్ల వరసో పడమటి వైపు ఉండేలా చూసుకోండి. గాలిని అడ్డుకోవడానికే తరాల క్రితం ఆ చెట్లను వరసలుగా నాటారు, ఎక్కువ గాలి వీచేదీ అటునుంచే. ఫ్రిజ్ ఉన్న పక్కకు సాయంత్రపు ఎండ తగలకుండా నిలిపితే ఆహారం పాడుకాదు. ప్రొపేన్ ఫ్రిజ్‌లు బండి సమతలంగా నిలిచినప్పుడే సరిగా చల్లబరుస్తాయి కనుక చక్రాల కింద లెవెలింగ్ బ్లాకులు పెట్టడానికి బద్ధకించకూడదు.

విద్యుత్తు విషయంలో కొంత జాగ్రత్త అవసరం. స్తంభం దగ్గర 30 ఆంప్ సాకెట్ ఉందా, 15 ఆంప్ మాత్రమే ఉందా చూడాలి. తీగ తగిలించే ముందు బ్రేకరు ఆపి, సాకెట్ కాలినట్టు నల్లగా ఉందేమో గమనించి, సర్జ్ ప్రొటెక్టరు ద్వారా కలిపిన తరువాతే బ్రేకరు వేయాలి. 15 ఆంప్ మీద ఏసీని నడపబోతే బ్రేకరు పడిపోయే అవకాశం ఎక్కువ; 30 ఆంప్ ఉన్నా ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్, నీళ్ల హీటరు రెండూ ఒకేసారి వేయకూడదు. వేడి మధ్యాహ్నాల్లో క్యాంప్‌గ్రౌండు అంతా ఏసీలు వేసినప్పుడు పాత వైరింగులో వోల్టేజి పడిపోతుంది. అటువంటప్పుడు ఏసీ ఆపి, ఊరి ఈతకొలను దగ్గర ఒక గంట గడపడం బండికీ మనకూ మేలు.

నీటి గురించి తప్పక అడగాలి. ఈ ప్రాంతపు భూగర్భ జలాల్లో లవణాలు ఎక్కువ, పైగా కొన్ని చిన్న ఊళ్లలో కాచి తాగమని హెచ్చరికలు అమలులో ఉంటాయి. కుళాయి దగ్గర బోర్డు కనిపించకపోయినా తాగడానికి, వంటకు వేరే క్యాను నీళ్లు ఉంచుకుని, ట్యాంకు నీటిని గిన్నెలకు, స్నానానికి వాడడం తేలికైన పద్ధతి.

మురుగు ఖాళీ చేసే సాని-డంప్ కొన్ని ఊళ్లలో క్యాంప్‌గ్రౌండులో కాక ఊరి చివర ఉంటుంది. మునిసిపల్ ఆఫీసు తెరిచి ఉన్న వేళలోనే ఎక్కడుందో కనుక్కోవాలి. చేతితొడుగులు వేసుకొని, గొట్టం గట్టిగా బిగించి, ముందుగా మరుగుదొడ్డి ట్యాంకు, తరువాత గిన్నెలు, స్నానాల నీటి ట్యాంకు తెరిస్తే రెండోదాని నీరే గొట్టాన్ని కడిగేస్తుంది. డంప్ దగ్గరున్న కుళాయికి తాగునీటి గొట్టాన్ని ఏ పరిస్థితిలోనూ తగిలించకూడదు.

ఎండ, గాలి, వడగళ్లు

వేబర్న్‌కు ఇరుపక్కలా ఉన్న మిడేల్, యెల్లో గ్రాస్ అనే రెండు చిన్న ఊళ్లలో 1937 జూలై 5న 45 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. 2021లో బ్రిటిష్ కొలంబియాలోని లిట్టన్ దానిని దాటేవరకు కెనడా మొత్తానికీ అదే రికార్డు. ఏటా అంత వేడి ఉండదు, కాని 30 దాటిన రోజులు వరసగా రావడం మామూలే. అదే రోజు రాత్రికి దుప్పటి కప్పుకునేంత చల్లబడుతుంది కనుక సాయంత్రం కిటికీలు, పైకప్పు ఫ్యాను తెరిచి, ఉదయం ఎండ ఎక్కకముందే మూసేసి పరదాలు దించితే ఏసీ అవసరం సగం తగ్గుతుంది. టైర్లలో గాలి పొద్దున్నే, చక్రం కదలకముందు చూడాలి. వేడెక్కిన టైరులో కొలత ఎక్కువ చూపిస్తుందని గాలి తీసేయడం ప్రమాదకరం.

ఎండ కంటే భయపడవలసినది తుఫాను మబ్బు. జూన్ నుంచి ఆగస్టు వరకు, ముఖ్యంగా మధ్యాహ్నం తరువాత, ఉరుములతో వడగళ్లు, అరుదుగా టోర్నడోలు వస్తాయి. ఈ మైదానంలో మబ్బు చాలా దూరం నుంచే కనిపిస్తుంది కనుక సమయం ఉంటుంది, దాన్ని వాడుకోవడమే తెలియాలి. ఎన్విరాన్‌మెంట్ కెనడా వారి వెదర్‌క్యాన్ యాప్‌ను ఫోనులో పెట్టుకొని, మీరున్న చోటికి హెచ్చరికలు వచ్చేలా అమర్చుకోండి. ఆర్వీ టోర్నడోకు ఆశ్రయం కాదు. దాని గోడలు పెద్ద వడగళ్లకే ఆగవు. క్యాంప్‌గ్రౌండు చేరగానే పక్కా గోడలున్న స్నానాల గది ఎక్కడుందో, దగ్గరలో నేలమాళిగ ఉన్న భవనం ఏదో అడిగి తెలుసుకోవాలి. ఈ ప్రశ్నకు అక్కడివారు నవ్వరు, వెంటనే చూపిస్తారు. ఎండకు వేసిన ఆనింగ్‌ను (బండి పక్కకు సాచే గుడ్డ పందిరిని) బండి విడిచి వెళ్లేటప్పుడు, పడుకునేటప్పుడు తప్పక చుట్టేయాలి. గాలుల వేగం గంటకు అరవై కిలోమీటర్లు దాటుతుందని సూచన ఉన్న రోజున ప్రయాణం మానుకొని ఊళ్లోనే ఉండిపోవడం ఉత్తమం.

వాన పడిన తరువాత మట్టిరోడ్ల జోలికి పోకూడదు. స్థానికులు గంబో అని పిలిచే ఇక్కడి బంకమట్టి తడిస్తే చక్రాలకు మందంగా చుట్టుకొని, బండిని కదలనివ్వదు. కంకర రోడ్ల మీద గంటకు అరవై, డెబ్భై కిలోమీటర్లకు మించకుండా, మిట్ట ఎక్కేటప్పుడు కుడి అంచుకు జరిగి నడపాలి. ఎదురుగా లారీ వస్తుంటే వేగం బాగా తగ్గిస్తే రాళ్లు తగిలి అద్దం పగిలే అవకాశం తగ్గుతుంది. రోడ్డు మూసివేతల సమాచారం ప్రావిన్సు నడిపే హైవే హాట్‌లైన్‌లో దొరుకుతుంది. మెరిసే దీపాలతో ఆగి పనిచేస్తున్న టో ట్రక్కును, పోలీసు, అంబులెన్సు బండ్లను దాటేటప్పుడు గంటకు 60 కిలోమీటర్లకు తగ్గించడం ఇక్కడ చట్టం.

ఎక్కడెక్కడ ఆగాలి

తూర్పు నుంచి వస్తే వేబర్న్ తరువాత ఓగెమాలో ఆగండి. అక్కడ వేసవిలో పాత రైలుపెట్టెల్లో పొలాల మధ్య తిప్పి తెచ్చే పర్యాటక రైలు నడుస్తుంది. విల్లో బంచ్ ఊరు 1881లో అక్కడ పుట్టి, ఎనిమిదడుగులకు పైగా పెరిగిన ఎడ్వర్డ్ బోప్రేను ఇప్పటికీ తలచుకుంటుంది. అక్కడి నుంచి పడమరకు సాగితే ఫ్రెంచి మాటలు వినిపించే గ్రావెల్‌బర్గ్ వస్తుంది. గోధుమ చేల మధ్య రెండు గోపురాలతో లేచిన అక్కడి కేథడ్రల్‌లో గోడలనూ పైకప్పునూ నింపిన చిత్రాలు అక్కడి మతాచార్యుడు షార్ల్ మయార్ స్వయంగా వేసినవి. దీనికి తీరికగా ఒక పూట కేటాయించాలి.

క్యాడిలాక్ దగ్గర దక్షిణానికి తిరిగితే వాల్ మరీ, ఆ ఊరి పక్కనే గ్రాస్‌లాండ్స్ జాతీయ పార్కు పడమటి భాగం. మొత్తం ప్రయాణంలో ఎక్కువ రాత్రులు ఇక్కడే ఉండాలని నేను చెబుతాను. కెనడాలో నల్లతోక ప్రెయిరీ డాగ్‌ల (బొరియల్లో ఉండే ఉడుత జాతి జీవుల) గుంపులు సహజంగా మిగిలినది ఈ ప్రాంతంలోనే. అవి వెనుక కాళ్ల మీద నిలబడి, తలలు వెనక్కి విదిలించి కూతపెడుతుంటే ఒక్కొక్క బొరియ నుంచి మరొకటి జవాబిస్తుంది. వాటికి తిండి పెట్టకూడదు, బొరియల మధ్యకు నడవకూడదు. 2005లో తిరిగి తెచ్చిన బైసన్‌లకు (అడవి దున్నల వంటి జంతువులకు) కనీసం వంద మీటర్ల దూరంలో ఉండాలి. గడ్డిలో నడిచేటప్పుడు ర్యాటిల్ స్నేక్ అనే విషపాముల నుంచి రక్షణకు కాళ్లు కప్పే బూట్లు వేసుకోవాలి, తిరిగి వచ్చాక పిడుదుల కోసం ఒళ్లంతా చూసుకోవాలి. 2009లో ఈ పార్కును డార్క్ స్కై ప్రిజర్వ్‌గా (కృత్రిమ వెలుగు సోకకుండా రాత్రి ఆకాశాన్ని కాపాడే చోటుగా) గుర్తించారు. అమావాస్యకు దగ్గరి రోజుల్లో వెళితే పాలపుంత స్పష్టంగా కనిపిస్తుంది. లోయలో ఫోన్ సిగ్నలు అందకపోవచ్చు కనుక మ్యాపులు ముందే దించుకోవాలి.

షానవన్ దాటాక ఈస్టెండ్. 1991లో ఈ ఊరి దగ్గరి ఫ్రెంచ్‌మన్ నది లోయలో స్కాటీ అనే టైరనోసారస్ డైనోసార్ శిలాజం బయటపడింది. ఇప్పటిదాకా దొరికిన వాటిలో అత్యంత బరువైన వాటిలో ఒకటిగా దానిని లెక్కిస్తారు. కొండవాలులో కట్టిన టీ.రెక్స్ డిస్కవరీ సెంటరు పిల్లలకూ పెద్దలకూ నచ్చుతుంది. ఆ తరువాత సైప్రెస్ హిల్స్ చల్లదనం, 1875లో కట్టిన ఫోర్ట్ వాల్ష్ కోట చూసుకొని మేపుల్ క్రీక్ చేరవచ్చు.

ఊరివారితో

కొనగలిగినంత ఆ ఊళ్లోనే కొనండి. వేసవి ప్రయాణికుల ఖర్చు ఒక్కొక్క కెఫేకు ఏడాదంతా నిలదొక్కుకునే బలం. ఎదురొచ్చే డ్రైవరు స్టీరింగు మీది వేలెత్తి పలకరిస్తే మీరూ అలాగే బదులివ్వండి. పాత ఎలివేటరు, పడిపోతున్న ఇల్లు, పూసిన చేను ఎంత ముచ్చటగా ఉన్నా యజమాని అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదు. 2022 నుంచి సస్కాచెవాన్ చట్టం ప్రకారం గ్రామీణ భూముల్లోకి వెళ్లడానికి ముందస్తు అనుమతి తప్పనిసరి. అడిగితే సాధారణంగా కాదనరు. గేటు దాటవలసి వస్తే అది ముందెలా ఉందో అలాగే వదలాలి. నిప్పుల నిషేధం ఉన్నదో లేదో రోజూ చూసుకోవాలి. ఎండిన గడ్డి మీద బండి నిలిపితే వేడెక్కిన పొగగొట్టం కూడా మంట పెట్టగలదు.

ఆరోగ్య సలహాకు 811, అత్యవసరానికి 911. చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో అత్యవసర విభాగం అప్పుడప్పుడు మూసి ఉంటుంది కనుక తెరిచి ఉన్నది ఎక్కడో 811కు ఫోన్ చేసి అడగవచ్చు. ప్రతి మజిలీలోనూ హైవే నంబరు, దగ్గరి ఊరు ఎంత దూరమో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. కంగారులో ఎవరు ఫోన్ చేసినా చదివి చెప్పగలుగుతారు.

మేపుల్ క్రీక్‌లో ట్రాన్స్-కెనడా హైవే ఎక్కే ముందు బండి చూసుకోవడానికి ఒక పూట ఆగండి. కంకర దుమ్ముతో ఇంజిను ఎయిర్ ఫిల్టరు పూడుకుపోయి ఉండవచ్చు, రేడియేటరు ముందు పురుగులు అట్టకట్టి ఉంటాయి. చక్రాల బోల్టులు మళ్లీ బిగించి, ముందు అద్దం మీద చిన్న పెచ్చు లేచి ఉంటే అది పగులుగా పాకకముందే పూడ్పించుకోవాలి.